పాత సర్వర్‌కు నెట్‌వర్క్‌లో ఓఎస్ ఎక్కడం లేదా? ముందు సెకన్లు లెక్కపెట్టండి

పాత సర్వర్ నెట్‌వర్క్ నుంచి బూట్ కాకపోతే చాలామంది ముందు కేబుల్ మారుస్తారు, తర్వాత కార్డు మారుస్తారు, చివరికి సర్వర్‌నే పక్కన పడేస్తారు. మంచి మెషీన్లు ఇలా మూలకు చేరడం బాధాకరం. తెర మీద కనబడే కోడ్ చదివితే చాలావరకు దారి దొరుకుతుంది. ఈ61 వస్తే కేబులే చూడాలి. ఈ53 అంటే ఐపీ వచ్చింది గానీ బూట్ ఫైల్ పేరు రాలేదు, ఐపీ ఇచ్చే డీహెచ్‌సీపీలో 67వ ఆప్షన్ సరిచూడాలి. ఈ32 అయితే ఫైల్ పంపే టీఎఫ్‌టీపీ సర్వర్ పలకలేదు, యూడీపీ 69వ పోర్టును ఫైర్‌వాల్ ఆపుతోందేమో చూడాలి.

ఎక్కువగా ఏడిపించేది ఈ51. డీహెచ్‌సీపీ నుంచి జవాబే లేదని దాని అర్థం. డీహెచ్‌సీపీ సర్వర్ నిక్షేపంగా నడుస్తున్నా ఇది వస్తుంది. నెట్‌వర్క్ బూట్‌కు సంబంధించిన 1999 నాటి పీఎక్స్ఈ 2.1 ప్రమాణం ప్రకారం కార్డు నాలుగుసార్లు అడిగి వరుసగా 4, 8, 16, 32 సెకన్లు ఆగుతుంది. మొత్తం నిమిషం. స్విచ్‌లో పాత స్పానింగ్ ట్రీ ఉంటే పోర్టు తెరుచుకోవడానికి రెండు దశల్లో 15, 15 కలిపి 30 సెకన్లు. నిమిషంలో 30 సెకన్లు ఇమడవా అనిపిస్తుంది. కానీ కార్డు అడిగేది 0, 4, 12, 28 సెకన్ల దగ్గర! లింకు లేచీ లేవగానే అడగడం మొదలైతే నాలుగూ మూసి ఉన్న పోర్టుకే తగులుతాయి. ఆఖరి 32 సెకన్లు ఊరికే ఎదురుచూడటమే. స్విచ్‌లో ఆ పోర్టుకు, ఆగకుండా తెరుచుకునేలా పోర్ట్‌ఫాస్ట్ పెడితే చిక్కు తీరుతుంది.

ఫైల్ సగంలో ఆగితే సైజు చూడండి. టీఎఫ్‌టీపీ మామూలుగా 512 బైట్ల ముక్కలు పంపుతుంది. ముక్క సంఖ్యకు 16 బిట్లే కాబట్టి 65,535 దాటదు. అంటే సుమారు 32 ఎంబీ. లెక్కను మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టే సర్వర్లున్నా, పాత రోమ్‌లన్నిటికీ అది మింగుడుపడదు. ముక్కను 1,468 బైట్లకు పెంచితే హద్దు సుమారు 92 ఎంబీకి చేరుతుంది. ఐపీఎక్స్ఈ ఎక్కించి హెచ్‌టీటీపీకి మారడం ఇంకా మేలు.

డెల్ ఆర్710లో మరో తిరకాసు ఉంది. బ్రాడ్‌కామ్ 5709 కార్డు కెర్నెల్‌ను తానే తెచ్చిపెడుతుంది. తీరా డెబియన్ ఇన్‌స్టాలర్ లేచాక ఆ కార్డుకే ఫర్మ్‌వేర్ లేదంటుంది. బూట్ రోమ్ నడిపించిన కార్డే అయినా, లైనక్స్‌లోని బీఎన్ఎక్స్2 డ్రైవర్‌కు ఫర్మ్‌వేర్ ఫైల్ విడిగా కావాలి. 2023లో డెబియన్ 12 ఇన్‌స్టాలర్ ఐఎస్ఓల్లో ఫర్మ్‌వేర్ చేర్చారు గానీ నెట్‌బూట్ ఫైళ్లలో కాదు. ఫర్మ్‌వేర్ ఆర్కైవ్‌ను క్యాట్ కమాండ్‌తో ఇనిట్ఆర్‌డీ చివర అతికించి మళ్లీ బూట్ చేస్తే కార్డు పలుకుతుంది.