‘మానవపాడు’ పలుకుబడి: స్వరపేటికా నాడులు – నాదశ్వాస భేదం

సారాంశం: పరుష, సరళ భేదానికి స్వరతంత్రుల కంపనమే ప్రధాన ప్రమాణం. ఆ కంపనానికి వీలు కల్పించే కండరాలను నియంత్రించే నాడులను, వాటి వెలుగులో సరళాదేశ సంధిని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: స్వరపేటిక, వేగస్ నాడి, నాదం, శ్వాసం, సరళాదేశ సంధి.

1. ఉపోద్ఘాతం
జోగులాంబ గద్వాల జిల్లాలోని మండలకేంద్రం మానవపాడు. గొంతుపై వేలు ఆన్చి ఈ ఊరిపేరు పలికితే ‘మానవ’ వరకు కంపనం తెలుస్తుంది. ‘ప’ దగ్గర అది క్షణకాలం ఆగి, తరువాతి అచ్చుతో మళ్లీ మొదలవుతుంది. ఈ పేరులోని హల్లులలో మ, న, వ, డ నాదాలు. ‘ప’ ఒక్కటే శ్వాసం.

2. నాడులు – కండరాలు
పదవ కపాలనాడియైన వేగస్ నుండి రెండు శాఖలు స్వరపేటికకు చేరుతాయి. మొదటిది ఊర్ధ్వ స్వరపేటికా నాడి. దీని అంతర్ శాఖ స్వరతంత్రులకు పైభాగాన స్పర్శజ్ఞానాన్ని కలిగిస్తుంది. బాహ్యశాఖ క్రికోథైరాయిడ్ కండరాన్ని నడుపుతుంది. ఈ కండరం తంత్రులను సాగదీసి స్థాయిని పెంచుతుంది.

రెండవది పునరావృత్త స్వరపేటికా నాడి. ఎడమవైపు బృహద్ధమని వంపు కిందుగా, కుడివైపు సబ్‌క్లేవియన్ ధమని కిందుగా మలుపు తిరిగి పైకి వస్తుంది కనుక దీనికి ఆ పేరు. మిగిలిన అంతర్గత కండరాలన్నీ దీని అధీనమే. వీటిలో తంత్రులను దగ్గరకు చేర్చేవి అనేకం. ఎడం చేసేది పృష్ఠ క్రికోఎరిటినాయిడ్ ఒక్కటే.

ప్రతి కంపనానికీ ఒక నాడీ ప్రేరణ కారణమని 1950 ప్రాంతంలో హుస్సోన్ ప్రతిపాదించాడు. ఆ వాదం నిలవలేదు. తంత్రుల స్థితిని, బిగువును నాడులు నిర్ణయిస్తాయి. కంపింపజేసేది ఊపిరితిత్తుల నుండి వచ్చే గాలి. ఈ సిద్ధాంతాన్ని వాన్ డెన్ బెర్గ్ 1958లో సమగ్రంగా వివరించాడు.

3. సరళాదేశంతో అన్వయం
‘చూచెను + తోట’ అన్నది ‘చూచెను దోట’ కావడంలో ద్రుతం మీది పరుషం సరళమైంది. ‘ను’ పలికేటప్పుడు తంత్రులు దగ్గరగా ఉండి కంపిస్తుంటాయి. ‘త’ కోసం వాటిని ఎడం చేసి, వెంటనే తిరిగి చేర్చాలి. ‘ద’ పలికితే ఆ రెండు చర్యల అవసరం ఉండదు. అయితే ఉచ్చారణ సౌలభ్యమే సంధికి పూర్తి కారణమనడం సరికాదు. ‘పంట’, ‘అంత’ వంటి పదాలలో అనునాసికం తరువాత పరుషం నిలిచే ఉంది. మార్పుకు అవకాశమిచ్చేది శరీరం. అది ఎక్కడ జరగాలో నిర్ణయించేది భాషావ్యవస్థ.

4. నాడీ లోపం – పలుకు
థైరాయిడ్ గ్రంథికి సమీపంగా ఉండటం వలన శస్త్రచికిత్సలో ఈ నాడులు దెబ్బతినే ప్రమాదం ఉంది. బాహ్యశాఖ దెబ్బతింటే హెచ్చుస్థాయి అందదు. పునరావృత్త నాడి ఒకవైపు దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది. రెండువైపులా దెబ్బతింటే తంత్రులు ఎడం కాక శ్వాసకే ఆటంకం కలగవచ్చు. పాఠం చెప్పడమే వృత్తిగా గలవారు వారాల తరబడి తగ్గని బొంగురును కేవలం అలసటగా భావించక వైద్యపరీక్ష చేయించుకోవాలి.

5. ముగింపు
‘మానవపాడు’లోని ఒక్క ‘ప’కారం కోసం నాడులు, కండరాలు, గాలి ఒకదానితో ఒకటి సమన్వయం కావాలి. ధ్వని విభాగాన్ని బోధించేటప్పుడు ఈ శరీరధర్మాన్ని జోడిస్తే పరుష, సరళాలు కంఠస్థం చేయవలసిన జాబితాలుగా మిగలక, విద్యార్థి తన గొంతులోనే పరీక్షించుకోగల సత్యాలవుతాయి.