సీ-టు-సీ కేబుల్ పెడితే చార్జింగ్ ఎక్కడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా తెలుసుకోండి

కొత్తగా కొన్న ట్రిమ్మర్‌కో, బ్లూటూత్ స్పీకర్‌కో సీ-టు-సీ కేబుల్ పెడితే చార్జింగ్ ఎక్కదు. అదే పాత ఏ-టు-సీ కేబుల్ పెడితే ఎక్కుతుంది. చాలామంది చార్జరే పాడైందనుకుని ఇంకొకటి కొంటారు. కానీ ఇలాంటప్పుడు లోపం ఎక్కువగా ఆ వస్తువు లోపలి బోర్డులోనే ఉంటుంది.

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలోని కొంగరకలాన్‌లో 2023 మే 15న ఫాక్స్‌కాన్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలూ ఎక్కువే. కాబట్టి ఇది కొనేవారితో పాటు ఇక్కడ ప్రాజెక్టు బోర్డులు తయారుచేసే విద్యార్థులూ తెలుసుకోవాల్సిన విషయం.

చార్జర్ ఎలా పనిచేస్తుంది?

పాత ఏ-టైప్ పోర్టులో 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. సీ-టైప్ చార్జర్ అలా కాదు. అవతల పరికరం ఉందని తెలిసేదాకా కరెంటు ఇవ్వదు. ఆ సంగతి తెలిపేవి సీసీ1, సీసీ2 అనే రెండు పిన్నులు. పరికరంలో ఈ రెండింటికీ విడివిడిగా 5.1 కిలోఓమ్ రెసిస్టర్ ఉండాలి. ఖర్చు తగ్గించుకోవడానికి కొందరు తయారీదారులు వీటిని వదిలేస్తారు. అప్పుడు సీ-టు-సీ కేబుల్‌తో చార్జింగ్ మొదలే కాదు.

ఫాస్ట్ చార్జింగ్‌కు ఇంకో మెట్టు ఉంది. దాని పేరు పవర్ డెలివరీ, అంటే పీడీ. ముందు 5 వోల్టులు వస్తాయి. తర్వాత చార్జర్ తాను ఇవ్వగల వోల్టేజీల జాబితా పంపుతుంది. పరికరం అందులో ఒకటి అడుగుతుంది. చార్జర్ ఒప్పుకుని, వోల్టేజీ మార్చి, సిద్ధమని చెబుతుంది. ఈ ఒప్పందం కుదరకపోతే 5 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది. చార్జింగ్ ఎక్కుతుంది, కానీ నెమ్మదిగా.

ఇంట్లో ఎలా కనిపెట్టాలి?

* సీ-టు-సీతో ఎక్కక, ఏ-టు-సీతో ఎక్కితే: ముందు అదే చార్జర్, అదే కేబుల్‌తో వేరే ఫోన్ పెట్టి చూడండి. అది చార్జ్ అయితే లోపం మొదటి వస్తువుదే.
* చార్జర్ మీద 100 వాట్లు అని ఉన్నా ల్యాప్‌టాప్‌కు 60 వాట్లే అందితే: కేబుల్‌ను అనుమానించండి. 3 ఆంపియర్లు దాటాలంటే కేబుల్‌లో ఈ-మార్కర్ చిప్ ఉండాలి.
* ఫోన్ కంపెనీ సొంత చార్జర్‌తో వేగంగా, వేరే పీడీ చార్జర్‌తో నెమ్మదిగా ఎక్కితే: కొన్ని కంపెనీలు సొంత పద్ధతి వాడతాయి. అది లోపం కాదు.

డిజైన్ చేసేవారు ఏం చూడాలి?

పోర్టు దగ్గర వోల్టేజీ కొలవండి. సున్నా వస్తే రెసిస్టర్లు చూడాలి. 5 దగ్గరే ఆగితే పీడీ సంభాషణ చూడాలి. రెండు సీసీ పిన్నులకూ కలిపి ఒకే రెసిస్టర్ పెట్టకండి. 2019లో వచ్చిన రాస్‌ప్‌బెర్రీ పై 4 తొలి బోర్డుల్లో ఇదే పొరపాటు జరిగింది. ఈ-మార్కర్ ఉన్న కేబుళ్లు పెడితే చార్జర్ ఆ బోర్డును ఆడియో పరికరం అనుకుని కరెంటు ఇవ్వలేదు. తర్వాతి బోర్డుల్లో సరిచేశారు.

ఇంకో సాధారణ ఇబ్బంది 12 వోల్టులు. పీడీలో ప్రధానంగా ఉండేవి 5, 9, 15, 20 వోల్టులు. 12 చాలా చార్జర్లలో ఉండదు. అందుకే 12 దొరకకపోతే 9తోనైనా నడిచేలా బోర్డు ఉండాలి. చార్జర్ సిద్ధమని చెప్పకముందే ఎక్కువ కరెంటు లాగకూడదు.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

చార్జర్ మీద బీఐఎస్ గుర్తు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నాయో చూడండి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. అది భద్రతకు సంబంధించిన నమోదు మాత్రమే, ఫాస్ట్ చార్జింగ్‌కు హామీ కాదు.

వస్తువులోనే లోపం ఉండి దుకాణదారు మార్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. సమస్య ఎదురైన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. బిల్లుతో పాటు, ఒకే చార్జర్‌తో వేరే ఫోన్ చార్జ్ అవుతూ మీ వస్తువు కానట్టు తీసిన వీడియో దాచుకోండి. 'మీ చార్జరే బాగాలేదు' అనే జవాబుకు అదే సాక్ష్యం.