రక్తహీనత: పేరు ఒకటి, కారణాలు అనేకం

కొండమెట్లు ఎక్కుతూ ఆయాసంతో మధ్యలోనే కూర్చుండిపోయే భక్తులు వయసునో ఉపవాసాన్నో కారణంగా చెబుతారు. వైద్యునిగా నేను ముందు వారి కింది కనురెప్పను లాగి చూస్తాను. లోపలి ఎరుపు పాలిపోయి ఉంటే రక్తహీనతను శంకించాలి. గుండెదడ, తలతిరుగుడు, మట్టి లేదా పచ్చిబియ్యం తినాలనే కోరిక కూడా దాని సూచనలే.

డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ పురుషులకు 13, స్త్రీలకు 12, గర్భిణులకు 11 గ్రాములకు తగ్గరాదు. ఎక్కువగా కనిపించేది ఇనుము లోపం. అధిక ఋతుస్రావం, వెంటవెంట కాన్పులు, కొంకిపురుగులు దానికి మూలం. భోజనం కాగానే కాఫీ తాగే మన అలవాటు ఉన్న ఇనుమును కూడా ఒంటబట్టనీయదు. బి12 లోపం వేరు; అందులో అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఇనుము మాత్రలు పనిచేయవు. తలసీమియా వంశానుగతం, అందులో ఇనుము శరీరంలో పేరుకొని హాని చేయగలదు. కనుక పరీక్ష లేకుండా మాత్రలు మింగరాదు.

ఏబది దాటిన పురుషునికి రక్తం తగ్గితే నేను మాత్రలతో సరిపెట్టను. కడుపులో పుండు, ఒక్కొక్కప్పుడు పెద్దప్రేగు క్యాన్సరు, లోలోపల రక్తాన్ని హరిస్తూ ఉండవచ్చు. మలం తారువలె నల్లగా, జిగటగా వస్తే ఆనాడే వైద్యుని చూడాలి. ఇనుము మాత్రలతోనూ మలం నల్లబడుతుంది గనుక, అవి వాడుతున్నట్లయితే ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పండి.