‘టక్’మన్నాక ఇంకో పట్టు పట్టారో.. పోయినట్టే!

కార్ల సర్వీస్ సెంటర్లలో కొలువుకు వెళ్లేవారు టార్క్ రెంచి గురించి తెలుసుకోవాల్సిందే

మహమ్మద్‌నగర్‌లో పొద్దున్నే బస్సెక్కి కామారెడ్డిలో దిగారు. కార్ల సర్వీస్ సెంటర్‌లో టెక్నీషియన్ కొలువుకు ట్రేడ్ టెస్ట్. ఫైల్లో ఐటీఐ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సు, నాలుగు ఫొటోలు ఉన్నాయి. లోపల ఓ పెట్రోల్ కారు బానెట్ ఎత్తి పెట్టారు. ‘స్పార్క్ ప్లగ్గులు మార్చి చూపించు’ అన్నారు సూపర్‌వైజర్. మీకిదేం కొత్త పని కాదు. ఊళ్లో బైకు ప్లగ్గు, మందు కొట్టే తైవాన్ పంపు ప్లగ్గు ఎన్నిసార్లు విప్పి తుడిచి పెట్టలేదు! గబగబా పని కానిచ్చి, చివర్లో పానా మీద ఒళ్లంతా వేసి ఒక్క పట్టు పట్టారు. ‘గట్టిగా బిగించాను సార్’ అన్నారు.

సరిగ్గా ఆ మాట దగ్గరే మార్కులు పోతాయి.

‘ఎంత గట్టిగా?’ అని ఆయన అడిగే తర్వాతి ప్రశ్నకు ‘బాగా’ అన్నది జవాబు కాదు. దానికి ఒక అంకె ఉంటుంది. ఆ అంకెను పాటించడానికి ఒక పనిముట్టు ఉంటుంది. అదే టార్క్ రెంచి. పనిలోకి తీసుకునేవాళ్లు చూసేది మీ చేతిలో బలం ఎంతుందని కాదు. అంకె చెబితే దాని దగ్గర ఆగగలరా లేదా అని చూస్తారు.

నిజం చెప్పాలంటే ఇందులో మన పల్లె కుర్రాళ్ల తప్పేమీ లేదు. నిజాంసాగర్ ఆయకట్టు ఊళ్లలో షెడ్డుకు వచ్చేవి ఎక్కువగా ట్రాక్టర్లు, వరికోత మిషన్లు. అవన్నీ డీజిల్ బండ్లు. డీజిల్ ఇంజిన్‌లో గాలిని బాగా ఒత్తితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది కాబట్టి స్పార్క్ ప్లగ్గే ఉండదు. పైగా అక్కడి బోల్టులు పెద్దవి, ఇనుము మందంగా ఉంటుంది. కాస్త ఎక్కువ బిగించినా చాలావరకు తట్టుకుంటాయి. అక్కడ అలవాటైన చెయ్యి కారు ప్లగ్గు మీద పడితేనే చిక్కు.

అల్యూమినియంతో ఆటలొద్దు

ఇప్పటి కార్లలో సిలిండర్ హెడ్ దాదాపుగా అల్యూమినియందే. ప్లగ్గు ఒళ్లు ఉక్కు. మెత్తని అల్యూమినియం మరలోకి గట్టి ఉక్కు మరను మితిమీరి బిగిస్తే ఏది అరుగుతుందో చెప్పక్కర్లేదు. మెకానిక్‌లు ‘చూడీ పోయింది’ అనేది దీన్నే. ప్లగ్గు పాడైతే కొత్తది వేసుకోవచ్చు. హెడ్‌లో మర పోతే మాత్రం దాన్ని పెద్దదిగా తొలిచి, లోపల స్ప్రింగు లాంటి ఉక్కు మర దించాలి. కొన్నిసార్లు హెడ్డే విప్పాల్సి వస్తుంది. గంటలో అయిపోయే పని రోజులు పడుతుంది. ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న గొడవ వేరే.

మర పోకపోయినా నష్టం ఉంది. ఎక్కువ బిగిస్తే ప్లగ్గు ఉక్కు ఒళ్లు సాగుతుంది. లోపలి పింగాణీ పట్టు వదులుతుంది, ఒక్కోసారి సన్నని పగులు కూడా వస్తుంది. పైకి ఏమీ కనిపించదు. వారం తర్వాత కారు మిస్ కొడుతోందంటూ కస్టమర్ తిరిగి వస్తారు.

సరే, అయితే కాస్త వదులుగా పెడదామా? అదీ ప్రమాదమే. దీని వెనక కారణం చాలామందికి తెలియదు, ఇంటర్వ్యూలో చెప్పగలిగితే మంచి పేరొస్తుంది. నడుస్తున్న ఇంజిన్‌లో ప్లగ్గు మొన సుమారు 450 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అంతకంటే చల్లగా ఉంటే మసి పడుతుంది. అంతకంటే వేడెక్కితే స్పార్కు రాకముందే ఆ మొనే నిప్పులా ఇంధనాన్ని అంటిస్తుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం బయటికి పోయే దారి ప్లగ్గు మరలు, దాని కింద వాషరే. ప్లగ్గు హెడ్‌కు గట్టిగా ఆనుకుని లేకపోతే వేడి దిగదు. మొన కరగొచ్చు, పిస్టన్‌కే ముప్పు రావొచ్చు. లోపలి మంట గాలి మరల సందులోంచి బయటికి కొట్టి మరలనూ కాలుస్తుంది.

ఇంజినీరింగ్ చదివే రోజుల్లో వేసవి సెలవులకు ఓ షెడ్డులో పని నేర్చుకుంటానని చేరి, మూడో రోజే నేనూ ఒక ప్లగ్గును ఇలాగే బిగించాను. పానా చివర్లో ఒక్కసారిగా తేలికైపోయింది. బిగుసుకుంటున్నది ఉన్నట్టుండి వదులైతే చేతికి తెలిసే ఆ వెలితి ఇప్పటికీ గుర్తుంది. మేస్త్రీ తిట్టలేదు. ఆ రోజు నుంచి నన్ను టీలు తెమ్మని పంపడం మొదలుపెట్టాడంతే.

ఇంటర్ ఫిజిక్సే ఇది

తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ‘బల భ్రామకం’ గుర్తుండే ఉంటుంది. బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చేదే టార్క్. పావు మీటరు పొడవున్న పానా చివర పది కిలోల బలం పెడితే 2.5 కేజీ-మీటర్లు. ఒక కేజీ-మీటరు అంటే 9.81 న్యూటన్ మీటర్లు కాబట్టి, అది సుమారు 24.5 న్యూటన్ మీటర్లు. అదే పది కిలోల బలాన్ని అర మీటరు పానా మీద పెడితే 49. చెయ్యికి మాత్రం రెండుసార్లూ ఒకేలా అనిపిస్తుంది! ‘నా చేతికి అంచనా ఉంది’ అనేవాళ్లు పానా మారగానే తప్పేది ఇక్కడే.

మరి కారు ప్లగ్గుకు ఎంత? వాషర్ ఉన్న 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు, అల్యూమినియం హెడ్ మీద సాధారణంగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. 12 మిల్లీమీటర్ల ప్లగ్గుకు 15 నుంచి 20. పది మిల్లీమీటర్ల సన్న ప్లగ్గుకు 10 నుంచి 12 దాటకూడదు. వాషర్ లేకుండా కింద గరాటులా ఏటవాలుగా ఉండే రకానికి ఇంకా తక్కువ పట్టు సరిపోతుంది. ఇవి సాధారణ లెక్కలే. అసలు అంకె ఆ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే పాటించాలి. టెస్టులో ‘ఎంత బిగిస్తావు?’ అని అడిగితే కంఠస్థం చేసిన అంకె గుక్కతిప్పుకోకుండా చెప్పడం కంటే, ‘ఈ మోడల్ మాన్యువల్ చూసి పెడతాను సార్’ అనడం మంచిది. తెలియదనుకుంటారేమోనని భయపడొద్దు. వాళ్లకు కావాల్సిన జవాబే అది.

యూనిట్లు మాత్రం జాగ్రత్త. కొన్ని రెంచిల మీద న్యూటన్ మీటర్లు ఒక పక్క, ఫుట్ పౌండ్లు మరో పక్క ఉంటాయి. 25 న్యూటన్ మీటర్లు పెట్టాల్సిన చోట చూడకుండా 25 ఫుట్ పౌండ్లు పెడితే, మీరు నిజంగా పెట్టింది 34 న్యూటన్ మీటర్లు. మూడో వంతుకు పైగా ఎక్కువ!

రెంచి పట్టుకునే తీరు

సర్వీస్ సెంటర్లలో ఎక్కువగా కనిపించేది ‘క్లిక్’ రకం. పిడి తిప్పి అంకె పెట్టి, లాక్ చేసి లాగితే ఆ పట్టు రాగానే ‘టక్’మని చేతికి కొడుతుంది. దీని పుట్టుక కథ సరదాగా ఉంటుంది. గత శతాబ్దం మొదట్లో న్యూయార్క్ నీటి సరఫరా విభాగంలో పనిచేసిన కాన్రాడ్ బార్, పైపుల అంచుల బోల్టులను పనివాళ్లు అతిగా బిగించకుండా ఉండేందుకు టార్క్ రెంచి తయారుచేశాడని చెబుతారు. అంటే ‘ఇంకొంచెం బిగిద్దాం’ అన్న ఆత్రం మన దగ్గరే కాదు, అక్కడా ఉందన్నమాట.

ముందు సరైన రెంచి ఎంచుకోవాలి. చక్రాల బోల్టులకు వాడే 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల పెద్ద రెంచి ప్లగ్గుకు పనికిరాదు. దాని కొలతే 40 దగ్గర మొదలవుతుంది కదా! అయినా చేతికి అందింది కదా అని అదే తీసేవాళ్లుంటారు. కావాల్సిన అంకె రెంచి కొలతల మధ్యలో ఎక్కడో పడేలా చూసుకోవాలి. పిడిని దాని పట్టు ఉన్నచోటే పట్టుకోవాలి. పైకో కిందికో జరిపితే లెక్క మారొచ్చు. గుంజినట్టు కాకుండా నిదానంగా, ఒకే తీరుగా లాగాలి. ‘టక్’మనగానే ఆపేయాలి. నమ్మకం కోసం రెండోసారి, మూడోసారి టక్‌మనిపించడం చాలామందికి అలవాటు. అలా కొట్టించిన ప్రతిసారీ ప్లగ్గు ఇంకాస్త బిగుసుకునే వీలుంది.

నిటారుగా ఉండే ఎక్స్‌టెన్షన్ రాడ్ వాడితే టార్క్ మారదు. మెడ వంగే జాయింటు పెట్టి వంకరగా లాగితే మాత్రం చెప్పలేం. అలాగే టార్క్ రెంచితో ఎప్పుడూ విప్పకూడదు. విప్పడానికి మామూలు రాచెట్ ఉంది. ఇది కొలిచే పనిముట్టు. బంగారు దుకాణంలో త్రాసుతో ఎవరూ కొబ్బరికాయ కొట్టరు కదా.

ప్లగ్గు దగ్గరికి వద్దాం

ఇంజిన్ చల్లబడాలి. ఇది మొదటి నియమం, అందరూ తప్పేదీ దీన్నే. వేడి మీద అల్యూమినియం మరలు తేలిగ్గా దెబ్బతింటాయి. పైగా కంపెనీ ఇచ్చే అంకె చల్లని ఇంజిన్‌కే.

కాయిల్ కనెక్టర్ లాక్ నొక్కి తీయాలి, వైరు పట్టుకుని లాగొద్దు. కాయిల్ తీశాక ప్లగ్గు గుంతలోకి ఎయిర్ కొట్టాలి. అక్కడి ఇసుక, దుమ్ము ప్లగ్గు విప్పగానే నేరుగా సిలిండర్‌లో పడతాయి. విప్పేటప్పుడు బిగుతుగా ఉంటే మొండిగా తిప్పకుండా కాస్త వెనక్కీ ముందుకీ ఆడించాలి. తీసిన ప్లగ్గులను సిలిండర్ వరుసలోనే పెట్టుకోండి. ఏ ప్లగ్గు నల్లబడింది, ఏది తెల్లగా కాలింది అన్నది ఇంజిన్ ఆరోగ్యం చెబుతుంది. సూపర్‌వైజర్ అడగకముందే మీరు చూపిస్తే ఇంకా మంచిది.

కొత్త ప్లగ్గు పార్ట్ నంబరు సరిచూడాలి. కింద పడిన ప్లగ్గు బిగించొద్దు. పింగాణీ లోపల పగిలిందో లేదో కంటికి తెలియదు. ఇరీడియం ప్లగ్గుల సన్నని మొనను గ్యాప్ గేజ్‌తో వంచే ప్రయత్నం అసలే వద్దు.

ఇప్పుడు అసలు పని. సాకెట్, ఎక్స్‌టెన్షన్ మాత్రమే తీసుకోండి, రాచెట్ వద్దు. ప్లగ్గును గుంతలో మెల్లగా దించి, వేళ్లతో ముందు విప్పే వైపు కొద్దిగా తిప్పండి. మర అంచు అందగానే చిన్నగా దిగినట్టు తెలుస్తుంది. అప్పుడు బిగించే వైపు వేళ్లతోనే తిప్పండి. ప్లగ్గు కింద కూర్చునేదాకా వేళ్లతోనే రావాలి. మధ్యలో పట్టేస్తే మర అడ్డం పడినట్టే. మళ్లీ తీసి మొదటి నుంచి చేయాలి. మరలు పాడయ్యేది అతి బిగింపుతోనే కాదు, తొలి చుట్టులోనే పానా వేయడం వల్ల కూడా. వేళ్లతో ఆగిపోయాకే టార్క్ రెంచి తీయాలి.

మరలకు గ్రీజు రాయాలా అని చాలామంది అడుగుతారు. పూత ఉన్న ఈనాటి ప్లగ్గులకు తయారీ సంస్థలు వద్దంటున్నాయి. మర జారుడుగా ఉంటే రెంచి అదే అంకె దగ్గర టక్‌మన్నా, లోపల పట్టు చాలా ఎక్కువ పడిపోతుంది.

టార్క్ రెంచి లేకపోతే? కొత్త ప్లగ్గు డబ్బా మీద సాధారణంగా బొమ్మ ఉంటుంది. వాషర్ ఉన్న 14 మిల్లీమీటర్ల కొత్త ప్లగ్గయితే వేళ్లతో బిగించాక అర చుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు. ఏటవాలు రకమైతే పదహారో వంతు చుట్టే. ఒకసారి వాడిన వాషరయితే అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి పన్నెండో వంతు చుట్టు చాలు. బైకు మీద ఇంట్లో సాధన చేయాలంటే ఇదీ మంచి దారే.

ఎలా వెళ్లాలి?

పది పాసైనవాళ్లకు ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ రెండేళ్లు, మెకానిక్ డీజిల్ ఏడాది. పాలిసెట్ రాసి డిప్లొమాలో మెకానికల్, ఆటోమొబైల్ వైపు వెళ్లొచ్చు. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. చేరేముందు మీకు దగ్గరి ఐటీఐకి వెళ్లి వర్క్‌షాప్ చూసి రండి. టార్క్ రెంచి అల్మారాలో తాళం వేసి ఉందా, విద్యార్థుల చేతుల్లో ఉందా అన్నది గమనించండి.

చదువయ్యాక నేరుగా కొలువు దొరక్కపోతే కేంద్రం అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. షోరూమ్‌లో ఏడాది అప్రెంటిస్‌గా చేస్తే స్టైపెండ్ వస్తుంది, చెయ్యీ తిరుగుతుంది. బీకాం, బీఎస్సీ చదివినవాళ్లు సర్వీస్ అడ్వైజర్‌గా ప్రయత్నించొచ్చు. కస్టమర్‌కు బిల్లు అర్థమయ్యేలా చెప్పాలంటే వాళ్లకూ ఈ సంగతులు కావాలి.

‘ఎలక్ట్రిక్ కార్లొస్తే ప్లగ్గులే ఉండవుగా?’ అని మీరడగొచ్చు. నిజమే, ఉండవు. కానీ బ్యాటరీ ప్యాక్‌లో కరెంటు పోయే బోల్టు వదులైతే ఆ చోట వేడెక్కి కాలుతుంది. అక్కడా టార్క్ అంకె ఉంటుంది, దాన్ని మరింత కచ్చితంగా పాటించాలి. ప్లగ్గు మీద నేర్చుకున్న చెయ్యి ఎటూ పోదు.

ఇక టెస్టు రోజు పని అయ్యాక చేయాల్సినవి రెండున్నాయి. రెంచి అంకెను దాని కనిష్ఠ కొలత దాకా తగ్గించి డబ్బాలో పెట్టండి. బిగించిన అంకెతో అలాగే వదిలేస్తే లోపలి స్ప్రింగు అలసిపోతుంది. తర్వాత డబ్బా మీద కాలిబ్రేషన్ స్టిక్కర్ చూడండి. ఏడాదికోసారి గానీ, ఐదు వేల సార్లు వాడాక గానీ పరీక్షించాలన్నది సాధారణంగా పాటించే లెక్క. తేదీ దాటి ఉంటే సూపర్‌వైజర్‌కు మర్యాదగా చెప్పండి: ‘సార్, దీని గడువు అయిపోయింది, వేరేది ఉందా?’