లారీ ఇంజను ఆయిల్ లీకేజి – కనిపెట్టడం, సరిచేయడం

మన హాస్టల్లో చదువుకున్న చాలామంది ఇళ్ళకు లారీతో ఏదో ఒక సంబంధం ఉంటుంది. ఒకరి నాన్న డ్రైవరు, ఒకరి అన్న క్లీనరు, ఇంకొకరి మేనమామ షెడ్డులో మెకానిక్కు. మా నాన్నగారు కూడా డ్రైవరే. ఆ కష్టం మీదే మా ఇంట్లో మొదటిసారిగా డిగ్రీ చదివి, పి.జి. దాకా వచ్చాం. లారీ కింద ఆయిల్ చుక్కలు కనిపిస్తే మన ఇళ్ళల్లో రెండు ప్రశ్నలు లేస్తాయి. రిపేరుకు ఎంతవుతుంది? ఆయిల్ ఏమైందని ఓనరు అడిగితే ఏం చెప్పాలి? రెండింటికీ జవాబు దొరకాలంటే లీకు ఎక్కడుందో ముందు సరిగ్గా కనిపెట్టాలి. అదెలాగో తెలుసుకుందాం.

చుక్కే కదా అనుకోరాదు

సుమారు 20 నుంచి 30 చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు. సెకనుకు ఒక చుక్క కారితే గంటకు 3,600 చుక్కలు. అంటే 120 నుంచి 180 మిల్లీలీటర్లు. పది గంటల ప్రయాణంలో లీటరు పైమాటే. డిప్‌స్టిక్ మీద రెండు గీతల మధ్య ఉండేది కొద్ది లీటర్లే కాబట్టి, చూసుకోకుండా రెండు ట్రిప్పులు తిరిగితే ఇంజను పట్టేసే ప్రమాదం ఉంది. కాలుతున్న టర్బో మీద ఆయిల్ పడితే మంటలు లేవవచ్చు. క్లచ్ ప్లేటుకు తగిలితే క్లచ్ జారుతుంది. బండి నడుస్తుండగా ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగితే వెంటనే పక్కకు తీసి ఇంజను ఆపాలి. "షెడ్డు దాకా పోదాం" అనుకోరాదు.

ముందు అది ఏ ఆయిలో చూడాలి

కింద ఒక అట్టముక్క పరిచి, పడిన చుక్కను వేలితో తాకి చూడాలి. ఇంజను ఆయిల్ సాధారణంగా నల్లగా ఉంటుంది. గేరు ఆయిల్ చిక్కగా, ఘాటైన వాసనతో ఉంటుంది. స్టీరింగ్ ఆయిల్ చాలా బండ్లలో ఎర్రగా ఉంటుంది. డీజిల్ పలుచగా ఉండి వాసనతోనే తెలిసిపోతుంది.

తర్వాత బండిని సమంగా ఉన్న చోట నిలిపి, ఇంజను ఆపి, పది పదిహేను నిమిషాలాగి డిప్‌స్టిక్ తీయాలి. మట్టం తగ్గుతున్నా బయట తడి లేదు, పొగ నీలంగా వస్తోంది అంటే ఆయిల్ లోపలే కాలుతోందని అర్థం. మట్టం పెరుగుతుంటే అందులో డీజిలో నీళ్ళో కలుస్తున్నాయి. ఆ బండిని నడపరాదు. రేడియేటర్ నీళ్ళలో ఆయిల్ తేలితే ఆయిల్ కూలరునూ, హెడ్ ప్యాకింగునూ అనుమానించాలి.

కడిగితేనే కనబడుతుంది

చుక్క పడిన చోటు వేరు, లీకు ఉన్న చోటు వేరు. ఆయిల్ కిందికి జారుతుంది. బండి నడిచేటప్పుడు గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. అందుకే టాపెట్ కవరు దగ్గర కారిన ఆయిల్ ఇంజను వెనుక భాగం మీదుగా జారి క్లచ్ హౌసింగు కింద చుక్కలుగా పడుతుంది. తొందరపడినవారు "వెనక సీలు పోయింది, గేరుబాక్సు దించాలి" అంటారు. ఖరీదు తక్కువైన ప్యాకింగుతో పోయేదానికి రెండు రోజుల కిరాయి పోతుంది.

విజయవాడ ఆటోనగర్‌లోనైనా, బైపాస్ పక్క షెడ్డులోనైనా మంచి మేస్త్రి పానా కంటే ముందు గుడ్డ పడతాడు. ఇంజను చల్లారాక కిరోసిన్, బ్రష్షుతో జిడ్డు వదిలించి, తుడిచి పూర్తిగా ఆరబెట్టాలి. అనుమానమున్న చోట్ల పౌడరు చల్లాలి. 15, 20 నిమిషాలు ఇంజను నడిపి, టార్చి వేసి చూడాలి. తడి గీత అన్నిటికంటే పైన, ముందువైపు ఎక్కడ మొదలైందో అదే లీకు. చూసే వరుస కూడా పైనుంచి కిందికే: టాపెట్ కవరు, టర్బో ఆయిల్ పైపులు, ఆయిల్ ఫిల్టరు, ప్రెషర్ స్విచ్చి, కూలరు, ముందు క్రాంకు సీలు, చాంబరు ప్యాకింగు, డ్రెయిన్ ప్లగ్గు. వెనక సీలు మాట చివర్లో.

బండి కిందికి దూరేముందు హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. ఒట్టి జాకీని నమ్మి కిందికి పోరాదు.

కొత్త సీలు ఎందుకు మళ్ళీ కారుతుంది?

ఇందులో మనం చదువుకున్న ఫిజిక్సు ఉంది. సిలిండరులో మండిన వాయువు కొంత పిస్టన్ రింగులను దాటి కింద క్రాంకు ఉండే గదిలోకి వస్తుంది. అది బ్రీదర్ పైపు గుండా బయటపడాలి. ఆ పైపు మడ్డితో మూసుకుపోతే లోపల పీడనం పెరిగి, బలహీనంగా ఉన్న సీలు దగ్గర ఆయిల్‌ను బయటికి నెడుతుంది. సీలు మార్చినా పీడనం అలాగే ఉంటుంది కాబట్టి మళ్ళీ కారుతుంది.

దీన్ని చూడటం తేలికే. ఇంజను ఐడిలింగులో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి, దానిమీదే వదులుగా పెట్టాలి. మూత ఎగిరిపడుతూ పొగ ధారగా వస్తే లోపల పీడనం ఎక్కువగా ఉన్నట్టు. మొదట బ్రీదర్ శుభ్రం చేయించాలి. కొన్ని బండ్లకు అందులో ఫిల్టరు ఉంటుంది, దాన్ని మార్చాలి. అప్పటికీ తగ్గకపోతే రింగులు, లైనర్లు అరిగినట్టు. అప్పుడు సీళ్ళ మీద డబ్బు పోయడం వృథా. ఇంజను పనే చేయించాలి.

బిగించేటప్పుడు

పాత ప్యాకింగు పూర్తిగా గీకి తీయాలి, ముక్కలు లోపల పడకూడదు. సిలికాన్ పేస్టు ఎక్కువ పూస్తే ముక్కలు ఊడి చాంబరులోని జాలీకి అడ్డం పడతాయి. బోల్టులు కంపెనీ చెప్పిన వరుసలో, సమంగా బిగించాలి. గట్టిగా బిగిస్తే లీకు ఆగుతుందనుకోవడం పొరపాటు. కవరు వంగి ఇంకా కారుతుంది. ఫిల్టరు మార్చేటప్పుడు పాత రబ్బరు రింగు ఇంజనుకే అంటుకొని ఉందేమో చూడాలి. డ్రెయిన్ ప్లగ్గుకు కొత్త వాషరు వేయాలి. సీలు కూర్చునే షాఫ్టు మీద గోరు పెట్టి గీస్తే గాడి తగిలిందంటే, ఒట్టి సీలు మార్చి లాభం లేదు. గాడి మీద స్లీవు కూడా వేయించాలి.

నోటుబుక్కు ఉంచుదాం

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పానా పట్టడం మనకు రాకపోవచ్చు, పెన్ను పట్టడం వచ్చు. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు బండిలో ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, కిలోమీటర్లు, డిప్‌స్టిక్ మట్టం, పోసిన ఆయిల్ – ఈ నాలుగు గడులు గీసి నింపడం నాన్నకో అన్నకో నేర్పండి. వాళ్ళకు రాయడం రాకపోతే ఫోన్లో అడిగి మీరే రాయండి. లీకు పెరుగుతోందో తగ్గుతోందో ఆ లెక్కే చెబుతుంది. ఆయిల్ తగ్గిందని ఓనరు నిందవేస్తే తల వంచుకుని నిలబడనక్కర్లేదు, ఆ పుస్తకం తెరిచి చూపించవచ్చు. మన చదువు మన ఇంటికి ఈ మాత్రం అక్కరకు రావాలి.