మడత చాకు ప్రాణం కీలులోనే

చాకు కొనేటప్పుడు అందరి చూపూ ముందు బ్లేడు మీదికే పోతుంది. ఎంత పొడవుంది, ఎంత మెరుస్తోంది, కాగితం పెడితే తెగుతుందా అని చూస్తాం. పదునుదేముంది, సానరాయి ముందు కాసేపు ఓపిగ్గా కూర్చుంటే అది మనమే తెచ్చుకోవచ్చు. ఇంట్లో కూర్చుని బాగుచేసుకోలేనిది కీలు. తెరిచిన బ్లేడు పని మధ్యలో మన వేళ్ళ మీదికి మూసుకుపోకుండా ఎలా ఆపాలి? మడత చాకు చరిత్రంతా ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరిగింది.

ఆ చరిత్ర చాలా పాతది. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో ఎముక పిడితో దొరికిన మడత చాకు వయసు రెండున్నర వేల ఏళ్ళ పైమాటే. కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో క్రీ.శ. 3వ శతాబ్దపు రోమన్ పనిముట్టు ఒకటుంది. చెంచా, ఫోర్కు, చాకు అన్నీ ఒకే వెండి పిడిలోకి మడుచుకుంటాయి. వెండి నిలిచింది కానీ ఇనుప బ్లేడును తుప్పు తినేసింది. ఆ పాత చాకుల్లో సాధారణంగా బ్లేడును నిలిపేది రివిట్ బిగువొక్కటే. జపాన్‌లోని మికి పట్టణంలో 19వ శతాబ్దం చివర పుట్టిన హిగోనోకామిది నేటికీ అదే పద్ధతి. బ్లేడు మొదట్లో ఉన్న చిన్న తోకను బొటనవేలితో పిడికి అదిమి పట్టుకోవాలి. వేలు తీస్తే భరోసా ఉండదు.

17వ శతాబ్దంలో ఇంగ్లండులోని షెఫీల్డ్ పనివాళ్ళ చేతుల్లో స్ప్రింగు చాకు కుదురుకుంది. పిడి వెన్నులో ఉక్కు పట్టీ ఒకటుంటుంది. బ్లేడు మొదట్లో చదునుగా చెక్కిన చోట అది ఒత్తుకుని కూర్చుంటుంది. తెరిచేటప్పుడు పట్టీ కొద్దిగా లేచి టక్కున తన చోట పడుతుంది. 1897లో స్విట్జర్లాండులోని ఇబాఖ్ ఊళ్ళో కార్ల్ ఎల్సెనర్ పేటెంటు తీసుకున్న ఆఫీసర్ చాకులో ఇదే పట్టీ పిడికి రెండు వైపులా ఉన్న పనిముట్లను మోసింది. మనం స్విస్ ఆర్మీ నైఫ్ అంటున్నది దాని వారసత్వమే.

అయితే స్ప్రింగు అడ్డుపడుతుందే తప్ప పూర్తిగా ఆపలేదు. మామూలుగా కోసేటప్పుడు మనం పెట్టే బలం బ్లేడును తెరుచుకునే వైపే తోస్తుంది కాబట్టి భయం లేదు. మొనతో గుచ్చినప్పుడో, కొయ్యలో ఇరుక్కున్న బ్లేడును గుంజినప్పుడో బలం తిరగబడుతుంది. మొన ఇరుసుకు 8 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, స్ప్రింగు ఆనే చోటు అర సెంటీమీటరు దూరంలోనే ఉంటుంది. అంటే మొన దగ్గర పడ్డ ఒత్తిడిని స్ప్రింగు 16 రెట్ల బలంతో కాచుకోవాలి. వేళ్ళు తెగేది సరిగ్గా ఇలాంటప్పుడే.

ఈ చిక్కుకు నాకు తెలిసిన అందమైన జవాబు ఫ్రాన్స్‌లోని సావోయ్ కొండల నుంచి వచ్చింది. ఆల్బియే ల్యూ వ్యూ దగ్గర గెవుడాజ్ అనే పల్లెలో ఒపినెల్ కుటుంబానిది గొడ్డళ్ళు, కొడవళ్ళ వంటి పనిముట్లు చేసే కొలిమి. ఆ ఇంటి కుర్రవాడు జోసెఫ్‌కి యంత్రాలంటే పిచ్చి. తన కెమెరా తానే చేసుకుని చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసేవాడు. 1890లో, 18 ఏళ్ళ వయసులో, రైతులకు పనికొచ్చే చవకైన జేబు చాకు ఒకటి గీసి తయారుచేశాడు. గుండ్రటి చెక్క పిడి, అందులో ఒక గాడి, ఒక బ్లేడు, ఒక రివిట్, పిడి మెడకు ఒక లోహపు పట్టా. స్ప్రింగు లేదు. పిడులు వేగంగా తయారయ్యేందుకు యంత్రమూ తనే రూపొందించాడు. 1897 నాటికి 1 నుంచి 12 దాకా నంబర్లతో పన్నెండు సైజులొచ్చాయి. ఊరూరా తిరిగి సరుకమ్మేవాళ్ళూ రైల్వే కార్మికులూ వాటిని ఆ కొండల అవతలికి మోసుకెళ్ళారు.

అప్పటికీ బ్లేడును పట్టి ఉంచేది చెక్క బిగువే. తాళం 1955లో వచ్చింది. మార్సెల్ ఒపినెల్ ఆ స్థిరమైన పట్టా మీద ఇంకో ఉక్కు ఉంగరం తొడిగాడు. ఉంగరానికి ఒకచోట చీలిక ఉంటుంది. చీలిక గాడికి ఎదురుగా ఉంటే బ్లేడు మడుచుకుంటుంది. బ్లేడు తెరిచి ఉంగరాన్ని పక్కకు తిప్పితే గాడి నోరు మూసుకుపోతుంది, ఇక బ్లేడు లోపలికి దిగడానికి దారే ఉండదు. మొత్తం అయిదే భాగాలు. 2000లో ఉంగరాన్ని ఇంకాస్త సవరించి, మూసిన బ్లేడు జేబులో తెరుచుకోకుండా కూడా కట్టడి చేశారు. నా మటుకు ఈ ఉంగరం ఇంజనీరింగు విద్యార్థులందరూ చేతిలోకి తీసుకుని చూడవలసిన వస్తువు.

ఒపినెల్ చాకుకో బలహీనతా ఉంది. పిడిలోని బీచ్ చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, వానలో తడిస్తే బ్లేడు బయటికి రాదు. సావోయ్ వాళ్ళు పిడి చివరను గట్టి వస్తువుకేసి కొడతారు, బ్లేడు కొద్దిగా పైకి లేస్తుంది, గోటితో లాగుతారు.

అమెరికా వాళ్ళు వేరే దారులు పట్టారు. 1964లో బక్ కంపెనీ తెచ్చిన 110 నంబరు చాకులో పిడి వెన్నునున్న ఉక్కు కడ్డీ బ్లేడు గాటులో పడి బిగుస్తుంది. 1980ల తొలినాళ్ళలో మైకేల్ వాకర్ చేతిలో రూపు తేలిన లైనర్ లాక్‌లో, పిడి లోపలి పలుచని రేకు బ్లేడు మడమ వెనక్కి వచ్చి నిలబడుతుంది. ఒంటి చేత్తో పని కానిస్తుంది కానీ, మూసేటప్పుడు బొటనవేలు బ్లేడు దారిలోనే ఉంటుంది. కొత్తగా చాకు పట్టేవాళ్ళకు నేను దాన్ని చెప్పను.

దుకాణంలో చూడవలసినవి కొన్నే. బ్లేడు తెరిచి, మొన పట్టుకుని పక్కలకు కదపండి, ఆట ఉండకూడదు. తాళం వేసి, వేళ్ళు బ్లేడు దారికి దూరంగా పెట్టుకుని, బ్లేడు వెన్నును బల్లకు నెమ్మదిగా ఆనించి నొక్కండి. సడలితే అక్కడే వదిలేయండి. రోజువారీ పనులకూ, నల్లమలలోనో అరకులోనో గుడారం వేసినప్పుడు తాళ్ళు తెంపడానికీ కూరగాయలు తరగడానికీ 7 నుంచి 9 సెంటీమీటర్ల బ్లేడు చాలు. ఒపినెల్ 8 నంబరు బ్లేడు 8.5 సెంటీమీటర్లు, చాకు మొత్తం కలిపి 50 గ్రాములు కూడా తూగదు. కట్టెలు చీల్చడానికి మాత్రం ఏ మడత చాకునూ సుత్తితో కొట్టొద్దు, ఆ దెబ్బంతా రివిట్ మీదే పడుతుంది. అందుకు మడవని కత్తి వేరే ఉండాలి.

ఉక్కు సంగతి మన వాతావరణమే తేలుస్తుంది. కార్బన్ ఉక్కుకు సాన త్వరగా పడుతుంది, కానీ మామిడికాయ కోసి తుడవకపోతే నల్లబడుతుంది, తడిగా మూసిపెడితే తుప్పు. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ క్రోమియం కలిపి చేసిన తుప్పు పట్టని ఉక్కు ఈ బాధ తగ్గించింది. క్రోమియం పదోవంతు దాటితే ఉక్కు మీద కంటికి కనబడని ఆక్సైడు పొర ఏర్పడి కాపాడుతుంది. విశాఖ, కాకినాడ వంటి ఉప్పుగాలి ఊళ్ళలో నేను స్టెయిన్‌లెస్‌నే ఎంచుకుంటాను.

విమానంలో చాకు చేతిసంచిలో పనికిరాదు, చెకిన్ సామానులోనే పెట్టాలి. బ్రిటన్‌కి చదువులకో ఉద్యోగాలకో వెళ్ళే మనవాళ్ళు ఇంకొకటి తెలుసుకోవాలి. అక్కడ తాళం పడని, వాదర 3 అంగుళాలు దాటని మడత చాకును బహిరంగ స్థలాల్లో జేబులో ఉంచుకోవచ్చు. తాళం పడే చాకుకు మాత్రం సరైన కారణం చూపించాలి. కాబట్టి వేళ్ళను కాపాడే ఆ ఉంగరమున్న ఒపినెల్‌ను క్యాంపుకు వెళ్ళే రోజున సామానులో సర్దుకుని, రోజూ జేబులోకి చిన్న స్ప్రింగు చాకు పెట్టుకోవడం అక్కడి పద్ధతికి సరిపోతుంది.