ల్యాప్‌టాప్ స్క్రీన్ ఆగి ఆగి వెలుగుతోందా? కొత్త డిస్‌ప్లే కొనే ముందు ఈ కేబుల్ చెక్ చేయండి!

ల్యాప్‌టాప్ మూత కాస్త వెనక్కి వంచగానే స్క్రీన్ నల్లగా మారుతోందా? మళ్లీ ఒక యాంగిల్‌లో పెడితే బొమ్మ వచ్చేస్తోందా? ఇది చూసి చాలామంది డిస్‌ప్లే పోయిందని ఫిక్స్ అయిపోతారు. జేబుకు చిల్లు పడినా సరే అని కొత్త ప్యానెల్ వేయించేస్తారు. కానీ ఇలాంటి లక్షణాలు ఉన్నప్పుడు ముందు అనుమానించాల్సింది ప్యానెల్‌ని కాదు, దానికి వెళ్లే సన్నటి కేబుల్‌ని.

ఎందుకు వదులవుతుంది?

మదర్‌బోర్డు నుంచి స్క్రీన్‌కు బొమ్మను, వెలుగుకు కావాల్సిన కరెంటును తీసుకెళ్లేది ఈ డిస్‌ప్లే కేబులే. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో దీని చివర ఎక్కువగా 30 లేదా 40 పిన్నుల చిన్న కనెక్టర్ ఉంటుంది. కేబుల్ మూత కీలు పక్క నుంచే వెళ్తుంది. అంటే మూత తెరిచి మూసిన ప్రతిసారీ ఇదీ వంగుతుంది. కింద పడటం, మూతను ఒక మూల పట్టుకుని లాగడం, కీలు బిగుసుకుపోవడం వల్ల కనెక్టర్ కదులుతుంది. లేదంటే లోపలి తీగలు తెగుతాయి.

పెద్ద కంపెనీలకూ ఈ తలనొప్పి తప్పలేదు. 2016 మోడల్ 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలలో కొన్నింటికి బ్యాక్‌లైట్ సమస్య రావడంతో, 2019 మేలో ఆపిల్ ఉచిత రిపేర్ ప్రోగ్రామ్ ప్రకటించింది. అందులోనూ అందరి దృష్టి పడింది స్క్రీన్‌కు వెళ్లే కేబుల్ మీదే.

విప్పకుండానే ఇలా పసిగట్టండి

* హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలపండి. టీవీలో బొమ్మ బాగుంటే గ్రాఫిక్స్ చిప్ బాగానే ఉన్నట్టు లెక్క. తేడా కేబుల్‌లోనో, ప్యానెల్‌లోనో ఉంది.
* మూతను మెల్లగా ముందుకు, వెనక్కి కదపండి. యాంగిల్ మారినప్పుడల్లా బొమ్మ వచ్చి పోతుంటే కేబుల్ మీదే అనుమానం. గీత ఎటు కదిపినా అక్కడే ఉన్నా, సిరా ఒలికినట్టు మచ్చ కనిపించినా ప్యానెల్ దెబ్బతిన్నట్టే.
* ఆన్ చేయగానే బయోస్‌లోకి వెళ్లి చూడండి. అక్కడా మినుకుమంటే అది విండోస్ డ్రైవర్ సమస్య కాదు.
* స్క్రీన్ పూర్తిగా నల్లగా ఉంటే టార్చ్ వేసి చూడండి. బొమ్మ మసగ్గా కనిపిస్తే పోయింది వెలుగు మాత్రమే.

సరిచేయడం ఎలా?

వారంటీ ఉంటే అస్సలు విప్పొద్దు, సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లండి. వారంటీ అయిపోతే ముందు ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ చూసుకోవాలి. తర్వాత ల్యాప్‌టాప్‌ను స్లీప్‌లో పెట్టడం కాదు, పూర్తిగా షట్‌డౌన్ చేసి ఛార్జర్ తీసేయాలి. వెనుక కవర్ విప్పేటప్పుడు స్క్రూల పొడవులు వేరువేరుగా ఉండొచ్చు కాబట్టి ఏది ఎక్కడిదో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. కవర్ తీయగానే బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే అక్కడితో ఆపేయాలి.

తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. డిస్‌ప్లే కేబుల్ ముట్టుకునే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం తప్పనిసరి. కరెంటు ఉండగా కేబుల్ కాస్త వంకరగా కూర్చుంటే పక్కపక్క పిన్నులు షార్ట్ అయి, మదర్‌బోర్డు మీద ఉండే బ్యాక్‌లైట్ ఫ్యూజ్ కాలిపోవచ్చు. అప్పుడు కొత్త డిస్‌ప్లే వేసినా వెలుగు రాదు. ఆ తర్వాత పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, మిగిలిన కరెంటును కూడా పోనివ్వాలి.

ఇప్పుడు కీలు దగ్గర ఉన్న కనెక్టర్ మీది టేప్ తీసి, లాక్ ఉంటే ఎత్తండి. కొన్ని మోడళ్లలో ఇది బోర్డుకు సమాంతరంగా పక్కకు జారుతుంది, కొన్నింటిలో పైకి వస్తుంది. తీగలు పట్టుకుని లాగొద్దు. పిన్నులు వంగలేదని చూసుకుని, నిటారుగా పెట్టి సమానంగా నొక్కి, లాక్, టేప్ మళ్లీ వేయాలి. బ్యాటరీ కనెక్టర్ అన్నింటికంటే చివర్లో పెట్టాలి.

అయినా ఫలితం లేకపోతే?

కేబుల్‌కు రెండో చివర ప్యానెల్ వెనుక ఉంటుంది. అక్కడికి చేరాలంటే స్క్రీన్ చుట్టూ ఉన్న ఫ్రేమ్ ఊడదీయాలి. అలవాటు లేనివారి చేతిలో ప్యానెల్ పగిలే ప్రమాదం ఉంది, ఆ పని మెకానిక్‌కు వదిలేయడమే మంచిది. కేబుల్ మీద నలిగిన గుర్తులుంటే అతికించడం కాదు, మార్చడమే దారి. దాని మీద ముద్రించిన పార్ట్ నంబర్ చూపించి అదే రకం అడగాలి. కీలు బిగుసుకుపోయి ఉంటే దాన్నీ సరిచేయించాలి, లేదంటే కొత్త కేబుల్‌కూ అదే గతి.

షాపులో డిస్‌ప్లే మార్చాలని చెబితే వెంటనే ఒప్పుకోవద్దు. "ముందు కేబుల్ తీసి పెట్టి చూశారా?" అని ఒక్క మాట అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో అనవసరపు ఖర్చు తప్పొచ్చు.